వీసా గడపలో దాంపత్యము

వివాహము ఇరువురిని ఒక్కటి చేయునని మన శాస్త్రములు చెప్పుచున్నవి. మన చట్టములును దాని నొప్పుకొనుచున్నవి. కాని అట్లు ఒక్కటైనవారు సముద్రము దాటవలసివచ్చినపుడు పరదేశ ప్రభుత్వములు వారిని మరల ఇరువురినిగా విడదీసి, ఒకరికి పని చేయు హక్కును, రెండవవారికి వెంట నుండు అనుమతిని మాత్రమే ఇచ్చుచున్నవి. ఆ అనుమతియు మొదటివాని కొలువు నిలిచినంతవరకే. ఈ ఏర్పాటు న్యాయమా? న్యాయము కానిచో మనము చేయవలసిన దేమి? ఈ ప్రశ్నలను నేడు విచారింపదలచితిమి.

ఇది హైదరాబాదు, విజయవాడ నగరములవారి గొడవ యని మార్కాపురము, గిద్దలూరు తాలూకాలవారు ఊరకుండుటకు వీలులేదు. మనది మెట్ట సీమ. నల్లమల మన ప్రక్కనే యున్నను వానలు మనకు చుట్టములై వచ్చిపోవుచున్నవే గాని ఇంటివారై నిలుచుట లేదు. కంభము చెరువు నిండిన యేడు పంట; నిండని యేడు వలస. వెలిగొండ సొరంగముల నీటికై ఎదురుచూచుటలోనే ఒక తరము తల నెరసినది. దేశమంతట బాలురచేత అక్షరములు దిద్దించిన మార్కాపురపు పలక, కాగితపు పుస్తకముల యెదుట వెనుకబడినది. ఇట్టి నేలనుండి పూర్వము కూలివారు గుంటూరు సీమ మిరప కోతలకు పోయిరి. నేడు చదువుకొన్న పిల్లలు డల్లాసుకును, లండనుకును, టొరంటోకును పోవుచున్నారు. వలస కొత్తది కాదు. దూరము మాత్రమే కొత్తది.

"అమెరికా సంబంధము" అను మాట నేడు తర్లుపాడు, కొమరోలు, బేస్తవారిపేట గ్రామములలో సయితము వినవచ్చుచున్నది. ఆ మాట వినినంతనే పిల్ల తండ్రి పొలము బేరము పెట్టుచున్నాడు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టము పుస్తకములో నిద్రించుచున్నది. పెండ్లికుమారుని జాతకమును నాలుగు ఊళ్లలో చూపింతురు; అతని వీసా కాగితమును ఒక్కచోటనైన చూపింపరు. కాని కూతురి జీవితము గ్రహముల స్థితికన్న ఆ కాగితముపైని అక్షరము మీదనే హెచ్చుగా ఆధారపడియున్నది.

భార్యాభర్తల నడుమ సరిహద్దు గీత గీయుట పరదేశ ప్రభుత్వములకు నేటి అలవాటు కాదు. 1913 మార్చిలో దక్షిణాఫ్రికాలోని కేప్ న్యాయస్థానమున జస్టిస్ సెర్లు ఒక తీర్పు చెప్పెను. బహుభార్యత్వమును అంగీకరించు మతవిధి చొప్పున జరిగిన వివాహము ఆ దేశపు చట్టమున వివాహమే కాదని దాని సారము. ఒక్క కలము పోటుతో అచటి హిందూ మహమ్మదీయ స్త్రీలు భార్య లన్న పేరును కోల్పోయిరి. భర్త నివసించు దేశమున ప్రవేశించుటకు వారికి గల ఆధారమే పోయెను. మదరాసు రేవునుండి ఓడలెక్కి నేటాలు చెరకు తోటలకు పోయిన మన తెలుగు కూలీల కుటుంబములును ఆ తీర్పు క్రిందనే పడినవి. అప్పుడు కస్తూరిబాయి మొదలగు స్త్రీలు ఆ సంవత్సరము సెప్టెంబరులో ఫీనిక్సు ఆశ్రమమునుండి బయలుదేరి, అనుమతి లేకయే ట్రాన్సువాలు సరిహద్దు దాటి, మూడు నెలల కఠినశిక్ష ననుభవించిరి. 1914 లో భారతీయుల ఉపశమన చట్టము వచ్చి మన వివాహములకు గుర్తింపు లభించెను. సత్యాగ్రహ చరిత్రలో ఆ మహాఘట్టమునకు ప్రేరణము ఉప్పు కాదు, ఓటు కాదు. భార్యకు భార్య యను పేరు.

కెనడాయందు 1908 నాటి "ఎడతెగని ప్రయాణము" నిబంధనచే మన పంజాబీ సోదరులు తమ భార్యాబిడ్డలను చేర్చుకొనలేకపోయిరి. 1919 లోగాని ఆ బిగువు సడలలేదు. అమెరికా 1917 లో ఆసియావారికి తలుపు మూసి, 1946 లో ఏటికి 100 మంది భారతీయులకు మాత్రము సందు వదలినది. ఇంగ్లండున 1979 లో పెండ్లికై వచ్చిన ఒక భారతీయ స్త్రీని విమానాశ్రయమందు శరీర పరీక్షకు గురిచేసినపుడు లోకము నివ్వెరపోయెను. ఆందోళన రేగిన పిమ్మట ఆ దురాచారము నిలిచెను. ఈ చరిత్రను తలచుట పగ పెంచుటకు కాదు. చట్టములు మనుష్యులు వ్రాసినవే యనియు, వాదముచేతను త్యాగముచేతను అవి మారుననియు గుర్తుంచుకొనుటకే.

ఇక నేటి స్థితి చూతము. మన పిల్లలలో అనేకులు అమెరికాకు పోవునది హెచ్-1బి యను ఉద్యోగ వీసాపైన. వాని భార్యకు ఇచ్చునది హెచ్-4. ఆమె వైద్యురాలైనను, ఇంజనీరైనను ఆ వీసాపై వచ్చినంత మాత్రమున పని చేయరాదు. 2015 మే 26 నుండి అమలైన నియమముచే, భర్త గ్రీన్‌కార్డు కొఱకు యజమాని పెట్టిన అర్జీ మంజూరైనచో, లేక ఆరేండ్ల గడువు దాటి అతని వీసా పొడిగింపబడినచో, ఆమె పనికి అనుమతి కోరవచ్చును. ఆ స్వల్పోపకారమును సయితము రద్దు చేయింపవలెనని కొందరు వ్యాజ్యము వేసి పదేండ్లు పోరాడిరి. 2025 అక్టోబరులో అచటి సుప్రీంకోర్టు ఆ వ్యాజ్యమును విచారణకు స్వీకరింపకపోవుటచే అది నిలిచినది. కాని అదే నెలాఖరున ప్రభుత్వమువారు, గడువు ముగియుచున్న పని అనుమతికి తనంతట తానుగా లభించుచుండిన పొడిగింపును తీసివేసిరి. కొత్త కాగితము సకాలమున రాకపోయినచో, పని చేయుచున్న స్త్రీ మరునాడు ఇంట కూర్చుండవలసినదే.

ఈ నిరీక్షణ ఎంత కాలము? ఉద్యోగ మార్గమున ఏటికి ఇచ్చు గ్రీన్‌కార్డులు సుమారు 1,40,000. అందు ఏ ఒక్క దేశమువారికిని 7 శాతము మించరాదు. చిన్న ద్వీపమునకును, 140 కోట్ల భారతదేశమునకును ఒకే కొలత! అందుచే మనవారి వరుస పదేండ్లకు పైబడి సాగుచున్నది. ఈ నడుమ భర్త ఉద్యోగము పోయినచో 60 దినములలో మరియొకటి సంపాదింపవలెను. లేనిచో అతనితోపాటు భార్యయు మూట కట్టవలెను. విడాకులైనచో ఆమె హెచ్-4 హోదా ఆనాటితోనే సరి. భర్త కొట్టినను తిట్టినను నోరు విప్పుటకు స్త్రీలు ఏల వెనుదీయుదురో చట్టపు ఈ ఒక్క వాక్యము చదివినవారికి బోధపడును. హింసకు గురియైన ఇట్టి భార్యలు స్వయముగా పని అనుమతి కోరుటకు అచటి చట్టమున మార్గము కలదు. దాని నెఱిగిన మన ఆడపడుచులు మిక్కిలి కొద్దిమంది. విద్యార్థి భార్యకు ఇచ్చు ఎఫ్-2 వీసా మరింత ఇరుకు. దానిపై పని చేయుటకు ఏ దారియు లేదు.

మరియొక చిక్కు కలదు; దీని నెఱుగక మోసపోవు కుటుంబములు పెక్కు. వరుడు గ్రీన్‌కార్డు పొందకముందే వివాహమైనచో భార్య అతని వెంటనో, వెనుకనో అదే వరుసలో చేరవచ్చును. గ్రీన్‌కార్డు వచ్చిన పిమ్మట వివాహమైనచో ఆమెకై వేరు అర్జీ పెట్టి, వేరు వరుసలో సంవత్సరముల తరబడి వేచియుండవలెను. వేచియున్నంత కాలము సందర్శక వీసాయు దుర్లభమే. ఏలయన, స్థిరపడుటకు అర్జీ పెట్టినామె చూచిపోవుటకే వత్తునన్నచో అధికారి నమ్మడు. ముహూర్తము ఒక నెల ముందో వెనుకయో పెట్టుటలో ఇన్నేండ్ల ఎడబాటు దాగియున్నదని ఏ పంచాంగకర్త చెప్పగలడు? "గ్రీన్‌కార్డు వచ్చినది, ఇక దిగులులేదు" అని మురియు మామగారు తొలుత దిగులు పడవలసిన చోటు అదియే.

ఇంగ్లండు కథ వేరు తీరున నున్నది. అచట భార్యను గాని భర్తను గాని పిలిపించుకొనువారి కనీసాదాయము 2012 లో 18,600 పౌండ్లుగా నిర్ణయింపబడి, 2024 ఏప్రిల్ 11 నుండి 29,000 పౌండ్లకు పెంచబడెను. అనగా ధనికుని ప్రేమకు ద్వారము, దరిద్రుని ప్రేమకు గోడ. 2024 జనవరి నుండి, పరిశోధన చదువులవారు మొదలగు కొందరికి తప్ప, విద్యార్థులకు భార్యాబిడ్డలను తీసికొనిపోవు వీలు తొలగింపబడినది. అదే సంవత్సరము మార్చి 11 నుండి వృద్ధుల సేవకై వచ్చు పనివారికిని ఆ వీలు తీసివేసిరి. వారి తల్లిదండ్రులకు సేవ చేయుటకు మన బిడ్డ కావలెను. మన బిడ్డ చెంత ఆమె బిడ్డ ఉండరాదు! కెనడా 2025 జనవరి 21 నుండి విద్యార్థుల భార్యాభర్తల పని అనుమతిని పదునారు నెలలకు తగ్గని ఎం.ఏ. స్థాయి చదువులకును, డాక్టరేటునకును, కొన్ని వృత్తి విద్యలకును పరిమితము చేసినది. గల్ఫు దేశములలో కుటుంబ వీసా జీతపు కొలతపై నున్నందున, తక్కువ జీతపు కార్మికుడు దాంపత్యమును ఫోనులోనే నడుపుకొనుచున్నాడు.

అన్యాయమైనపుడు న్యాయస్థానమున్నది గదా యందురేమో. 2024 జూన్ 21 న అమెరికా సుప్రీంకోర్టు మున్యోజ్ వ్యాజ్యమున తీర్పు చెప్పుచు, పరదేశీయుడైన భర్తను దేశములోనికి రానిమ్మని కోరుటకు పౌరురాలికి రాజ్యాంగ సిద్ధమైన మూలహక్కు లేదనెను. స్వదేశపు పౌరురాలి గతియే ఇట్లుండ, మార్కాపురపు వధువు మొర ఎవరు విందురు? ఇంగ్లండును తన బంధువులను చూడవచ్చు సందర్శకుల పూర్తి అప్పీలు హక్కును 2013 జూన్ 25 నుండి తీసివేసెను. అప్పీలు లేని చోట అధికారి మాటయే చట్టము. మేము న్యాయవాద వృత్తిలో నున్నవారము. కారణము చెప్పనక్కరలేని ఉత్తరువును మించిన నిరంకుశత్వము మరియొకటి లేదని దృఢముగా నమ్మినవారము.

సందర్శక వీసాల సంగతియు కొంత చెప్పవలెను. కూతురు నెలలు నిండినది, తల్లి పోవలెను. హైదరాబాదు నానక్‌రామ్‌గూడలోని కాన్సులేటు కిటికీ ముందు గిద్దలూరి తల్లి నిలుచును. ఆమె పెట్టెలో అల్లుని జీతపు కాగితములన్నియు ఉండును. కాని అమెరికా చట్టము ప్రతి సందర్శకుని స్థిరపడవచ్చినవానిగానే ముందు ఊహించును. కాదని రుజువు చేయు భారము అర్జీదారునిదే. కావున అల్లుని ఐశ్వర్యము ఆమెకు సాక్ష్యము కాదు; ఆమె తిరిగి వచ్చుటకు ఇచటనున్న బంధములే సాక్ష్యము: ఇల్లు, పొలము, పింఛను, ఇంట ఎదురుచూచు భర్త. వీసా ఇయ్యనిచో 185 డాలర్ల రుసుము తిరిగి రాదు. ఇచ్చినచో దానిపై పదేండ్ల గడువు చూచి పదేండ్లు ఉండవచ్చునని భ్రమపడుదురు. ఉండదగిన కాలము విమానాశ్రయమున నిర్ణయించు ఐ-94 తేదీ మాత్రమే. అది దాటి 180 దినములకు మించి యుండిపోయి వెడలినచో మూడేండ్లును, ఏడాది యుండిపోయినచో పదేండ్లును తిరిగి ప్రవేశింపరాదు. కెనడావారు తల్లిదండ్రులకును తాతబామ్మలకును ఒక్కమారు వచ్చి అయిదేండ్ల వరకు ఉండదగిన వీసాను ఏర్పరచిరి. తలచుకొన్నచో ప్రభుత్వములు మంచి దారియు వేయగలవనుటకు ఇది తార్కాణము.

ఇక ఆక్షేపణ వినుడు: "తన యింటి గడప ఎవరు దాటవలెనో నిర్ణయించుట ప్రతి దేశమునకు హక్కు గదా? స్వరాజ్యము కోరినవారికి పరస్వరాజ్యమును ప్రశ్నించు అర్హత ఏది?" ఈ ఆక్షేపణ బలముగలదే. గడపపై హక్కును మేము కాదనము. కాని ఒకరిని పనికి పిలిచి, వాని శ్రమను, వాని పన్నును గైకొని, వాని దాంపత్యమును మాత్రము గడప వెలుపల నిలుపుట గడప కాపాడుకొనుట కాదు. మనుష్యుని సగముగా కొనుట. కుటుంబము సంఘమునకు సహజమైన మూలాంగమనియు, దానికి రాజ్య రక్షణ కలుగవలెననియు 1948 నాటి మానవహక్కుల ప్రకటనలో పదునారవ అధికరణము చెప్పుచున్నది. ఇప్పుడు తలుపులు మూయుచున్న దేశములలో ఏదియు ఆనాడు ఆ ప్రకటనకు వ్యతిరేకముగా ఓటు వేయలేదు.

అయితే వేలు ఎదుటివానిపై చూపునపుడు మన చేతిని మనము చూచుకొనవలెను. విదేశీయురాలైన భార్యకు భారత ప్రభుత్వ మిచ్చు ఓ.సి.ఐ. కార్డు, వివాహము రిజిస్టరై రెండేండ్లు నిరాటంకముగా సాగిన పిమ్మటనే లభించును. వివాహము రద్దైనచో దానిని తీసివేయవచ్చును. వలస తనిఖీ అవసరమైన పాస్‌పోర్టు గల ముప్పది యేండ్లలోపు స్త్రీని గల్ఫు మొదలగు దేశములకు ఇంటిపనికి పోనీయము. ఆమె రక్షణకే యందుము, కాని ఆ నిషేధమే ఆమెను దొంగదారి దళారుల పాలు చేయుచున్నది. పరులను అడుగు న్యాయమును మనము కూడ చేసి చూపినపుడే మన అడుగుటకు బరువు.

కర్తవ్యము మూడు విధములు.

మొదటిది కుటుంబములది. సంబంధము కలుపుకొనుటకు ముందు వరుని వీసా తరగతి ఏది, గడువు ఎప్పుడు, గ్రీన్‌కార్డు అర్జీ ఏ దశలో నున్నది, వధువు పోయి పని చేయవచ్చునా అని మొగమాటము లేక అడుగుడు. ఇట్లడుగుట వియ్యంకుని అవమానించుట కాదు, కూతురిని గౌరవించుట. దేవాలయమున జరిగిన పెండ్లికి దేవస్థానమువా రిచ్చు రసీదు చాలదు; 2002 నాటి ఆంధ్రప్రదేశ్ వివాహముల నిర్బంధ రిజిస్ట్రేషను చట్టము ననుసరించి వెంటనే రిజిస్టరు చేయింపుడు. ఇంటిపేరు, అసలు పేరు పదవ తరగతి సర్టిఫికెట్టులో ఒక తీరున, ఆధారులో మరియొక తీరున, పాస్‌పోర్టులో వేరొక తీరున నుండుట మనవారికి సామాన్యము. పెండ్లికి ముందే వానిని సరిచేయుడు. భర్త ఇంటిపేరు పెట్టుకొనవలెనని ఏ చట్టమును వధువును నిర్బంధించుట లేదు.

అన్నిటికన్న ముఖ్యము: అబద్ధమాడవద్దు. భార్యగా నుండబోవు పిల్లను "చూచివచ్చుటకు" అని సందర్శక వీసాపై పంపుడని సలహా ఇచ్చు దళారి మీ మిత్రుడు కాడు. ఒక్క అసత్యము పట్టుబడినచో అమెరికా తలుపు జీవితాంతము మూతపడవచ్చును. 2025 డిసెంబరు 15 నుండి హెచ్-1బి, హెచ్-4 అర్జీదారుల సామాజిక మాధ్యమముల వ్రాతలను సయితము పరిశీలింప మొదలిడిరి. ఆ కారణమున ఇంటర్వ్యూలు నెలల తరబడి వాయిదాపడి, పెండ్లి చూడవచ్చినవారు తమ కొలువులకు దూరమై ఇచట చిక్కుకొనిరి. కాగితమునకును మాటకును పొత్తు లేనివానికి ఇక దాగుటకు చోటు లేదు.

రెండవది పట్టణములది. మార్కాపురము, గిద్దలూరు న్యాయవాద సంఘములు నెలకొక ఆదివారము ఈ సీమలోని గ్రంథాలయమున కూర్చుండి, రుసుము లేక ఈ కాగితములు చదివి చెప్పరాదా? కోర్టులో దావాకు వచ్చిన పిమ్మట వాదించుటకన్న, దావా పుట్టకముందు ఒక గంట మాటలాడుట గొప్ప దేశసేవ. విదేశమున భర్త తెచ్చుకొన్న విడాకుల డిక్రీని చూచి బెదరి పుట్టింట కన్నీరు కార్చు ఆడపడుచులకు ఒక్క సంగతి చెప్పవలెను. తిరుపతిలో పెండ్లియైన తెలుగు దంపతుల వ్యాజ్యములోనే మన సుప్రీంకోర్టు 1991 లో తీర్పు చెప్పినది: భర్త మిస్సోరి రాష్ట్రమున పొందిన విడాకులు మన దేశమున చెల్లవు, వివాహమునకు వర్తించు చట్టము చొప్పున, భార్య తన యిష్టమున లోబడిన న్యాయస్థానము, ఆ చట్టము ఒప్పుకొను కారణముపై ఇచ్చినదే సాధారణముగా చెల్లును. ఈ రక్షణ ముప్పదేండ్లకు పైబడి యున్నది. తెలియకపోవుటచే అది పాతరలోని ధాన్యమువలె వృథాయగుచున్నది.

మూడవది ప్రభుత్వముది. ప్రవాస భారతీయుల వివాహములను ముప్పది దినములలో రిజిస్టరు చేయింపవలెనను బిల్లు 2019 ఫిబ్రవరిలో రాజ్యసభ ముందు పెట్టబడెను; చట్టము కాలేదు. 2024 ఫిబ్రవరిలో లా కమిషను తన 287 వ నివేదికలో ఇట్టి వివాహములకు నిర్బంధ రిజిస్ట్రేషను, దంపతుల పాస్‌పోర్టులను ఒకదానితో నొకటి ముడిపెట్టుట, సమగ్ర శాసనము కావలెనని సిఫారసు చేసెను. నివేదిక అచ్చుపడుటతో పని ముగియదు. 2025 జూలై 24 న ఇంగ్లండుతో వాణిజ్య ఒప్పందముపై చేవ్రాలు జరిగినపుడు, తాత్కాలికముగా పోవు మన ఉద్యోగులు మూడేండ్లవరకు అచటి భద్రతా చందా కట్టనక్కరలేని ఏర్పాటును మనవారు సాధించిరి. చందాలకై చూపిన ఆ నేర్పును భార్యాభర్తల కలయికకై చూపుటకు అడ్డేమి? ఇకముందు ఏ దేశముతో బేరమునకు కూర్చున్నను, "మా పనివానిని పిలిచినచో వాని దంపతిని పని హక్కుతో పిలువుడు" అనునది మన మొదటి షరతు కావలెను.

మన ప్రాంతమునకు నీరు కావలెను, పని కావలెను; అవి కలిగిననాడు ఇంతమంది గడప దాటనక్కరలేదు. అంతవరకు దాటినవారు యాచకులుగా కాక, హక్కు తెలిసినవారుగా దాటవలెను. 1913 లో చెఱకు పోయిన స్త్రీలు గౌరవమునకై అడిగిరే గాని దయకై అడుగలేదు. నేటి దంపతులకును అదియే త్రోవ: సత్యము పలుకుడు, కాగితము సిద్ధపరచుడు, చట్టము తెలిసికొనుడు, అన్యాయమును అన్యాయమని పేరుపెట్టి పిలువుడు.